కాలేజీ ఆటలు, కోట్ల డాలర్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. అమెరికాలో కాలేజీ టీములు ఒక కాన్ఫరెన్స్ వదిలి ఇంకోదాంట్లోకి వెళ్లిపోవడం, దాని వెనకున్న డబ్బు గొడవ. కొందరు అభిమానులుగా రాశారు, కొందరు ఫీజు కడుతున్నవాళ్లుగా రాశారు, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు మాత్రం నిజంగా టెన్షన్‌తో రాశారు. వాళ్ల ఉత్తరాలకు ఎక్కువ చోటిచ్చాను. ముందే ఒక మాట: ఇందులో ఫుట్‌బాల్ అన్నచోటల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అనే అర్థం.

ప్రశ్న: మా అబ్బాయి టెంపీలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడివాళ్లు ఇప్పటికీ పాక్-12 పోయిందని బాధపడుతుంటారట. అసలు కాన్ఫరెన్స్ అంటే ఏంటండీ? వందేళ్లు నిలబడింది ఒక్కసారిగా ఎలా కూలిపోయింది?
— ఒక తండ్రి, ప్లేనో, టెక్సస్

కాన్ఫరెన్స్ అంటే దగ్గరదగ్గరగా ఉన్న కాలేజీలు తమలో తాము ఆడుకోవడానికి కట్టుకున్న కూటమి. పొద్దున బయల్దేరి, ఆడి, వీలైనంత త్వరగా తిరిగొచ్చి మళ్లీ క్లాసులో కూర్చోవాలి, అదీ మొదటి ఉద్దేశం. పాక్-12 మూలాలు 1915లో ఉన్నాయి. పసిఫిక్ తీరం పెద్ద కాలేజీలు చాలావరకు అందులోనే పెరిగాయి.

ఇది మారడానికి అసలు కారణం 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అప్పటిదాకా ఏ టీము మ్యాచ్ టీవీలో ఎన్నిసార్లు రావాలో కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ అయిన ఎన్‌సీఏఏనే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లి, అలా కట్టడి చేయడం పోటీని అడ్డుకునే చట్టవిరుద్ధమైన పని అని గెలిచాయి. ఆ రోజు నుంచి టీవీ హక్కులు కాలేజీలవీ, కాన్ఫరెన్సులవీ అయ్యాయి. ఆడుకోవడానికి కట్టుకున్న కూటమి కాస్తా సరుకు అమ్ముకునే కూటమి అయింది. సరుకు ఫుట్‌బాల్, కొనేవాళ్లు టీవీ చానెళ్లు.

ఇక పాక్-12 సంగతి. 2021 జూలైలో టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ వదిలి దక్షిణాది కాలేజీల కాన్ఫరెన్స్ అయిన ఎస్‌ఈసీలోకి వెళ్తామని చెప్పడంతో అందరికీ భయం పట్టుకుంది. దాదాపు ఏడాదికి, 2022 జూన్ 30న, లాస్ ఏంజెలస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ రెండూ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లోకి వెళ్తున్నామని ప్రకటించాయి. యూసీఎల్‌ఏ ఎందుకెళ్లిందో చూస్తే జాలేస్తుంది కూడా. అప్పటికి వాళ్ల క్రీడా విభాగం మూడేళ్లలో 10 కోట్ల డాలర్లకు పైగా లోటులో కూరుకుపోయి ఉంది, ఈ మార్పు లేకపోతే కొన్ని ఆటలే ఎత్తేయాల్సి వచ్చేదని వాళ్లే చెప్పారు. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది.

లాస్ ఏంజెలస్ లేని పాక్-12కు టీవీ బజారులో గిరాకీ పడిపోయింది. చివరికి దక్కింది యాపిల్ ఇచ్చిన స్ట్రీమింగ్ ఆఫర్ ఒక్కటే, అదీ ఎంతమంది చందా కడితే అంత అన్న పద్ధతిలో. 2023 జూలై చివర్లో కొలరాడో వెళ్లిపోయింది. ఆగస్టు 4 పొద్దున మిగిలిన తొమ్మిది కాలేజీల అధ్యక్షులు ఆ ఒప్పందానికి ఒప్పుకుంటారని అనుకుంటుండగానే ఆరిగన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు బిగ్ టెన్‌కు వెళ్లిపోయాయి. ఆ రోజు రాత్రికల్లా మీ అబ్బాయి చదివే అరిజోనా స్టేట్, దాంతోపాటు అరిజోనా, యూటా బిగ్ 12లో చేరిపోయాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌కు వెళ్లాయి. ఉమ్మడి కుటుంబంలో పెద్దన్న మూట సర్దుకున్నాక మిగతావాళ్లు ఎన్నాళ్లుంటారు? చివరికి ఇంట్లో మిగిలింది ఆరిగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఇద్దరే.

వెళ్లినవాళ్లందరికీ సమానంగా వాటా దొరికిందనుకోకండి. ఆరిగన్, వాషింగ్టన్‌లకు బిగ్ టెన్‌లో మొదట దాదాపు సగం వాటానే. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలకైతే మొదటి ఏడేళ్లు 30 శాతం దగ్గరే. డాలస్‌లోని ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్లు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ టీవీ డబ్బు తీసుకోనని ఒప్పుకుని మరీ చేరింది. అంత తక్కువకైనా వెళ్లారంటే బయట ఉండిపోతామేమోనన్న భయం ఎంతుందో అర్థం చేసుకోవచ్చు.

ప్రశ్న: బిగ్ టెన్‌లో 18 టీములు, బిగ్ 12లో 16, అట్లాంటిక్ తీరం కాన్ఫరెన్స్‌లో కాలిఫోర్నియా కాలేజీలు! కనీసం పేర్లయినా మార్చుకోరా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

మార్చుకోరు. ఆ పేరే వాళ్ల ఆస్తి. 1990లో పెన్ స్టేట్ చేరి బిగ్ టెన్ పదకొండు అయినప్పుడే పేరు మార్చలేదు, లోగోలో అక్షరాల మధ్య ఖాళీలో 11 అంకె కనిపించేలా గీసి ఊరుకున్నారు. తర్వాత నెబ్రాస్కా, మేరీలాండ్, మీ రట్గర్స్, ఆ పైన పసిఫిక్ తీరం నుంచి నలుగురు. పేరు గురించి నాకైతే పెద్ద పట్టింపు లేదు. దూరం గురించి ఉంది, అది కింద చెబుతాను.

ప్రశ్న: నా ఫీజు బిల్లులో అథ్లెటిక్ ఫీజు అని ఒక లైను ఉంటుంది. నేను ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఫుట్‌బాల్ కోట్లు సంపాదిస్తుంది అంటారు కదా, మరి మా దగ్గర ఎందుకు వసూలు చేస్తున్నారు?
— ఒక విద్యార్థిని, వర్జీనియా

మీ కోపంలో న్యాయం ఉందండీ. ఫుట్‌బాల్ కోట్లు సంపాదించేది కొన్ని కాలేజీల్లోనే. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ లాంటి చోట్ల టీవీ, టికెట్లు, దాతల డబ్బుతో చాలావరకు గడిచిపోతుంది. అక్కడి నుంచి ఒక మెట్టు దిగితే టీవీ వాటా పలచబడిపోతుంది కానీ ఖర్చు మాత్రం పైవాళ్లను చూసే పెడతారు. ఆ తేడాను పూడ్చేది విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ సాధారణ నిధి. మీ రాష్ట్రంలోనే జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో విద్యార్థి ఒక్కొక్కరి మీద ఆటల ఫీజు ఏడాదికి 2,000 డాలర్లు దాటింది. చదువు కోసం అప్పు చేసి వచ్చినవాళ్లకు అది చిన్న మొత్తం కాదు, ఆ అప్పు మీద వడ్డీ కూడా కడతాం మరి.

పెద్ద కాలేజీలు హాయిగా ఉన్నాయనుకుంటే అదీ లేదు. ఒహాయో స్టేట్ ఆటల మీద ఏటా 25 కోట్ల డాలర్ల పైచిలుకు సంపాదిస్తుంది, అలాంటిది 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 3.8 కోట్ల డాలర్ల లోటు చూపించింది. రట్గర్స్ 2014లో బిగ్ టెన్‌లో చేరింది, ఇక కష్టాలు తీరిపోతాయన్నారు, కోవిడ్ దెబ్బ కూడా కలిసిన 2021లో లోటు 7 కోట్ల డాలర్లు దాటింది. ఎందుకిలా? ఈ విభాగాలకు లాభం ఇంటికి పట్టుకెళ్లే యజమాని లేడు, అందుకని వచ్చిన ప్రతి డాలరూ పక్కవాడికంటే మంచి కోచ్ కోసం, పక్కవాడికంటే పెద్ద స్టేడియం కోసం ఖర్చయిపోతుంది. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023 నవంబరులో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. ఒప్పందం ప్రకారం ఇంటికి పంపడానికే 7.5 కోట్ల డాలర్ల పైన ఇవ్వాల్సి వచ్చింది. పనిచేసినందుకు కాదు, పని మానేసినందుకు!

బర్క్‌లీ కథ ఇంకోరకం. వాళ్ల ఫుట్‌బాల్ స్టేడియం సరిగ్గా భూకంపాల పగులు రేఖ మీద ఉంది. దాన్ని గట్టిపరచడానికి, పక్కనే శిక్షణ కేంద్రం కట్టడానికి 40 కోట్ల డాలర్లకు పైగా అప్పు చేశారు, టికెట్ల మీద తీర్చేస్తామనుకున్నది తీరలేదు, చివరికి అందులో పెద్ద భాగం యూనివర్సిటీనే నెత్తిన వేసుకుంది. అంటే లైబ్రరీకీ, హాస్టల్‌కీ వెళ్లాల్సిన సొమ్ము ఎక్కడో ఒకచోట తగ్గుతుందన్నమాట.

మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలు ఎన్‌సీఏఏకు ఏటా ఇచ్చే ఆర్థిక నివేదిక సాధారణంగా అడిగితే ఇవ్వాల్సిన పత్రం. నైట్-న్యూహౌస్ డేటాబేస్‌లో కూడా కాలేజీ వారీగా ఆదాయం, ఖర్చు, అందులో విద్యార్థుల ఫీజు వాటా దొరుకుతాయి. ఆ కాగితం పట్టుకుని మీ స్టూడెంట్ గవర్నమెంట్ సమావేశానికి వెళ్లండి. ఫీజు పెంచే ముందు వాళ్లను సంప్రదించడం చాలాచోట్ల ఆనవాయితీ, కానీ ఆ సమావేశాలకు మామూలు విద్యార్థులు వెళ్లరు. అంతర్జాతీయ విద్యార్థులు అసలే వెళ్లరు. మనవాళ్లు వెళ్లాలి అంటాను.

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో గ్రేడ్, ఎనిమిదేళ్లుగా ఈత కొడుతోంది. స్విమ్మింగ్ మీద కాలేజీ సీటు, స్కాలర్‌షిప్ వస్తాయని ఆశ. ఇప్పుడు కాలేజీలు చిన్న ఆటలు ఎత్తేస్తున్నాయని వింటున్నాం. రోజూ పొద్దున నాలుగున్నరకు లేపి పూల్‌కు తీసుకెళ్తున్నాను, ఇదంతా వృథా అవుతుందా?
— ఒక తల్లి, కాలిఫోర్నియా

అమ్మా, వృథా కాదు. కానీ ఐదేళ్ల కిందటి సలహా ఇప్పుడు పనికిరాదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2025 జూన్ 6న ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ సెటిల్‌మెంట్ అనే రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. దాని ప్రకారం ఒప్పందంలో చేరిన కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది గరిష్ఠం 2.05 కోట్ల డాలర్లు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం వేరే. ఆ పరిహారం కోసం ఎన్‌సీఏఏ డివిజన్ 1, అంటే పై స్థాయి, కాలేజీలన్నిటికీ ఇచ్చే వాటాలో కోత పెట్టింది, ఫుట్‌బాల్ టీమే లేని చిన్న కాలేజీలకు కూడా. ఒక్కసారిగా ఇంత కొత్త ఖర్చు నెత్తిన పడితే ఎక్కడో తగ్గించాలి కదా, తగ్గించేది ఫుట్‌బాల్‌లో మాత్రం కాదు. కాల్ పాలీ 2025 మార్చిలోనే, ఇంకా ఒప్పందం ఖాయం కాకముందే, స్విమ్మింగ్, డైవింగ్ టీముల్ని ఎత్తేసింది. మీరు అదే రాష్ట్రంలో ఉన్నారు కాబట్టి ఆ వార్త మీ పూల్ దగ్గర అందరూ మాట్లాడుకునే ఉంటారు. ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ మహిళల టెన్నిస్ ఎత్తేసింది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ అయితే మార్చి మ్యాడ్‌నెస్ అనే జాతీయ టోర్నీలో బాస్కెట్‌బాల్ ఆడిన కొద్ది రోజులకే మొత్తంగా ఆట స్కాలర్‌షిప్పులు లేని డివిజన్ 3కి దిగిపోతున్నామని ప్రకటించింది.

ఇంకో మార్పు రోస్టర్ పరిమితి. ఇదివరకు ఆటకి ఇన్ని స్కాలర్‌షిప్పులని లెక్క ఉండేది, మహిళల స్విమ్మింగ్‌కు 14, పురుషులకు 9.9. ఆ స్కాలర్‌షిప్పులే పాతికమంది పంచుకునేవారు, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా ఇంకొందరు చేరేవారు. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్ లెక్క పోయి, టీములో ఇంతమందే అన్న లెక్క వచ్చింది. స్విమ్మింగ్‌కు 30. కాగితం మీద చూస్తే ముప్పైమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు! కానీ ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు, చాలా కాలేజీల దగ్గర అంత డబ్బు లేదు. కొన్ని కాన్ఫరెన్సులు ఆ 30 కూడా తగ్గించి ఇంకా చిన్న పరిమితి పెట్టుకున్నాయి. వాక్-ఆన్ అయి తర్వాత మెరుగుపడి టీములో స్థిరపడే పిల్లల దారి దీంతో బాగా ఇరుకైపోయింది, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే. ఈ పరిమితుల వల్ల అప్పటికే టీముల్లో ఉన్న పిల్లలు రోడ్డున పడుతున్నారని జడ్జి కూడా 2025 ఏప్రిల్‌లో ఆమోదం ఆపి, వాళ్లకు రక్షణ పెట్టించాకే సంతకం చేశారు.

ఇప్పుడు మీరు కోచ్‌ని అడగాల్సినవి. మొహమాటపడకుండా అడగండి, వాళ్లకిది అలవాటే. కాలేజీ హౌస్ ఒప్పందంలో చేరిందా? స్విమ్మింగ్‌కు ఈ ఏడాది నిజంగా ఎన్ని స్కాలర్‌షిప్పులకు డబ్బు కేటాయించారు, ఎన్ని ఇవ్వొచ్చు అని కాదు, ఎన్ని ఇచ్చారు? కాలేజీలో మొత్తం ఎన్ని ఆటలున్నాయి? ఇది ఎందుకంటే పెద్ద ఫుట్‌బాల్ ఆడే విభాగంలో ఉండాలంటే కనీసం 16 ఆటలు నడపాలి, అంతకు మించి ఉన్న కాలేజీకి ఎత్తేయడానికి చోటుంటుంది, సరిగ్గా 16 ఉన్నచోట ఉండదు. పూల్ పాతదా, మరమ్మతులకు డబ్బు పెట్టారా? పాత పూల్ ఉండి, మరమ్మతు మాటే ఎత్తకపోతే అది మంచి సూచన కాదు. పోటీలకు ఎంత దూరం వెళ్తారు, సెమిస్టర్‌లో ఎన్ని రోజుల క్లాసులు పోతాయి?

మీ అమ్మాయికి ఒక బలం ఉంది, టైటిల్ నైన్. 1972 నాటి ఈ చట్టం ప్రకారం ఆడపిల్లలకు ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలి కాబట్టి మహిళల టీమును ఎత్తేయడం పురుషుల టీమును ఎత్తేసినంత సులువు కాదు. అయోవా యూనివర్సిటీ 2020లో నాలుగు టీములు ఎత్తేస్తే, మహిళా స్విమ్మర్లు కోర్టుకెళ్లి తమ టీమును వెనక్కి తెచ్చుకున్నారు. స్టాన్‌ఫర్డ్ కూడా అదే ఏడాది 11 ఆటలు ఎత్తేస్తామని, పూర్వ విద్యార్థులు గట్టిగా పట్టుబడితే 2021 మేలో వెనక్కి తగ్గింది. పారిస్ ఒలింపిక్స్‌లో స్టాన్‌ఫర్డ్‌తో సంబంధమున్న క్రీడాకారులు 39 పతకాలు తెచ్చారు, చాలా దేశాలకు అన్ని రాలేదు. ఇలాంటి టీముల్నా ఖర్చు కింద లెక్క వేసేది అనిపిస్తుంది నాకు.

చివరగా, డివిజన్ 3 కాలేజీలను చిన్నచూపు చూడకండి. అక్కడ ఆట మీద స్కాలర్‌షిప్ ఉండదు, చదువు మీద, కుటుంబ ఆదాయం మీద సాయం ఉంటుంది. ఐవీ లీగ్ కూడా ఆట స్కాలర్‌షిప్పులివ్వదు, హౌస్ ఒప్పందంలోనూ చేరలేదు. టీవీ డబ్బు లేనిచోట టీవీ డబ్బు పోతుందన్న భయమూ తక్కువే. ఒక్కటే పరీక్ష పెట్టుకోండి: రేపు స్విమ్మింగ్ టీము లేకపోయినా మీ అమ్మాయి ఆ కాలేజీలో సంతోషంగా చదువుకుంటుందా? అవును అయితే అక్కడికి పంపండి. కాదు అయితే ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చినా ఇంకోసారి ఆలోచించండి.

ప్రశ్న: పుల్మన్‌లో వాషింగ్టన్ స్టేట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది చిన్న ఊరు, ఫుట్‌బాల్ శనివారాలే ఇక్కడ పండగ. మమ్మల్ని ఎవరూ తీసుకోలేదు. ఇక మా సంగతి అంతేనా?
— ఒక పరిశోధక విద్యార్థి

అంతే కాదు, కానీ పాత రోజులు కూడా రావు. మీవాళ్లూ, ఆరిగన్ స్టేట్‌వాళ్లూ కలిసి విట్‌మన్ కౌంటీ కోర్టుకెళ్లారు. వెళ్లిపోతున్న పదిమందికి ఇంకా కాన్ఫరెన్స్ ఆస్తుల మీద ఓటు ఎలా ఉంటుందని వాదించి గెలిచారు, 2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో వేలు పెట్టలేదు. తర్వాత రాజీలో వెళ్లిపోయిన ఒక్కొక్క కాలేజీ 65 లక్షల డాలర్లు వదులుకుంది. ఆ డబ్బుతో, ఆ పేరుతో కొత్త పాక్-12 కట్టారు. బాయ్సీ స్టేట్, సాన్ డియేగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్, ఫుట్‌బాల్ లేని గొంజాగా, వీళ్లందరితో 2026 జూలై నుంచి మొదలయ్యేలా.

బాధేంటంటే, మీవాళ్లు 2025 జూన్‌లో ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో ఫీల్డ్ విభాగమే తీసేశారు. జావెలిన్, హైజంప్ పిల్లలు. టీవీ ఒప్పందం ఎక్కడో కుదరకపోతే పుల్మన్‌లో ఈటె విసిరే అమ్మాయికి కోచ్ లేకుండా పోయాడు. ఊళ్లో హోటళ్లకీ, దుకాణాలకీ శనివారం ఒక్కరోజు వచ్చే బేరం కూడా ఇందులో కలిసే ఉంది, పెద్ద ఊళ్లలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తట్టదు.

ప్రశ్న: మా తమ్ముడు ఇండియా నుంచి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద వస్తున్నాడు. ఇప్పుడు ఆటగాళ్లకు కాలేజీలు డబ్బిస్తున్నాయి కదా, వాడికీ వస్తుందా?
— ఒక అక్క, మిషిగన్

జాగ్రత్తగా ఉండమని చెప్పండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు. ప్రకటనలో నటించడం, సంతకాలు చేసి డబ్బు తీసుకోవడం పని కిందికే రావచ్చు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ చెప్పింది, కానీ ఎన్‌సీఏఏ ఒప్పుకున్నంత మాత్రాన వీసా నిబంధన మారదు. రెండేళ్లు దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా నిలిచిన పర్డ్యూ బాస్కెట్‌బాల్ స్టార్ జాక్ ఈడీ కెనడా నుంచి వచ్చినవాడు, తోటివాళ్లలా అమెరికాలో ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. కాలేజీ నేరుగా ఇచ్చే వాటా విషయంలో కూడా చట్టం స్పష్టంగా లేదు. ఎవరైనా ఏజెంట్ ఏం కాదు సంతకం పెట్టు అంటే పెట్టొద్దని చెప్పండి. ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓని అడగాలి, మొత్తం పెద్దదైతే ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా. స్కాలర్‌షిప్‌కు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. అయినా టెన్నిస్‌కు వచ్చే వాటా తక్కువే, చాలా కాలేజీలు ఫుట్‌బాల్‌కు 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15 శాతం దగ్గర పెట్టుకుని మిగిలింది మిగతా అందరికీ సర్దుతున్నాయి.

ప్రశ్న: ఆటగాళ్లకు డబ్బివ్వడం మొదలుపెట్టాకే ఇదంతా పాడైపోయింది. చదువుకునే పిల్లలకు జీతాలేంటి?
— ఒక పెద్దాయన, జార్జియా

నేను ఒప్పుకోనండీ. వరస చూడండి. టీవీ హక్కులు తెరుచుకుంది 1984లో. మేరీలాండ్, రట్గర్స్ బిగ్ టెన్‌కు వెళ్లింది 2014లో. కోచ్‌లకు కోట్ల జీతాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ ఆడే పిల్లాడికి చదువు ఖర్చులకు మించి ఒక్క డాలర్ ఇచ్చినా నేరమన్నారు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆల్స్టన్ కేసులో తొమ్మిదిమందీ ఒక్కమాటగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అది చదువుకు సంబంధించిన సాయం గురించే అయినా, జడ్జి కావనా విడిగా రాస్తూ ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదన్నారు. మోకాళ్లు అరగదీసుకుని ఆడేవాడికి వాటా ఇవ్వడం తప్పు కాదు. పంచుకోవడానికి కొత్త మనిషి వస్తే పాతవాళ్లు తమ వాటా తగ్గించుకోకుండా, ఆ భారాన్ని ఈతగాళ్ల మీదకీ, ఫీజు కట్టేవాళ్ల మీదకీ తోసేయడం తప్పు. టెనెసీ యూనివర్సిటీ అయితే 2025 సీజన్ టికెట్ల మీద టాలెంట్ ఫీజు అని 10 శాతం వేసింది. అది కనీసం మ్యాచ్ చూసేవాళ్ల దగ్గర తీసుకున్నది, అందుకని దాన్ని నేను పెద్దగా తప్పుపట్టను.

ప్రశ్న: ఇది ఎక్కడ ఆగుతుంది? దీనికి మందు లేదా?
— ముగ్గురు నలుగురు పాఠకులు ఇదే అడిగారు

ఇప్పట్లో ఆగదు. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ తమ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ మీదే కేసులు వేశాయి, 2025 మార్చిలో రాజీ కుదిరింది, ఆ రాజీలో బయటికెళ్లే రుసుము ఏటేటా తగ్గుతూ వస్తుంది. అంటే తలుపు గడియ కొంచెం కొంచెంగా వదులవుతోంది. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2030లో ముగుస్తుంది. ఫుట్‌బాల్ ప్లేఆఫ్ కోసం ఈఎస్‌పీఎన్ ఏటా 130 కోట్ల డాలర్లిచ్చే ఒప్పందం 2031-32 సీజన్ దాకా ఉంది. ఆ రెండేళ్ల మధ్యలో ఇంకో పెద్ద కుదుపు వస్తుందని నా అంచనా.

మందు ఉంది, నేనేం కొత్తగా కనిపెట్టింది కాదు. ఫుట్‌బాల్‌ను విడదీయాలి. ఎందుకో చూడండి: ఫుట్‌బాల్ టీము సీజన్‌లో మామూలుగా 12 మ్యాచ్‌లు ఆడుతుంది, వారానికొకటి, అందులో బయట ఆడేవి ఐదో ఆరో, అదీ సొంతంగా మాట్లాడుకున్న విమానంలో. లాస్ ఏంజెలస్ నుంచి న్యూజెర్సీ 4,000 కిలోమీటర్లయినా వాళ్లకు పెద్ద తేడా పడదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ పిల్లలకు అలా కాదు, వారం మధ్యలో కూడా ఆటలుంటాయి, మామూలు విమానాల్లో మారుతూ వెళ్లాలి, మూడు గంటల టైమ్ తేడా, తెల్లవారుజామున దిగి పొద్దున ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష. దూరం ఎవరిని బాధించదో వాళ్ల కోసం నిర్ణయం జరిగింది, ఎవరిని బాధిస్తుందో వాళ్లను అడగలేదు.

ఫుట్‌బాల్‌కు దేశమంతా ఒక లీగ్ పెట్టుకోమనండి, టీవీవాళ్లకు ఎంతకైనా అమ్ముకోమనండి. మిగతా ఆటలు పాత పొరుగువాళ్లతోనే ఆడతాయి. కుదరదంటారా? నోటర్‌డామ్ ఎన్నో ఏళ్లుగా ఫుట్‌బాల్ ఒంటరిగా ఆడుకుంటూ మిగతా ఆటలు చాలావరకు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పురుషుల వాటర్ పోలో చూడండి. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్లాయి, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ వైపు వెళ్లాయి, కానీ వాటర్ పోలోలో ఈ నలుగురూ ఇప్పటికీ మౌంటెన్ పసిఫిక్ స్పోర్ట్స్ ఫెడరేషన్ అనే ఒకే కూటమిలో, కాలిఫోర్నియాలోనే, ఒకరి పూల్‌కు ఒకరు వెళ్లి ఆడుకుంటున్నారు. ఆ ఆటకు టీవీ డబ్బు లేదు కాబట్టి ఎవరూ దాన్ని కదిలించలేదు.